పెద్దపీట ఎక్కిన స్పీకర్లు

శనివారం పొద్దున్నే మా బిల్డింగులో చీపుళ్ళ చప్పుడు మొదలవుతుంది. మా నరీన్ ఊళ్ళో ఏ ఇంట్లోనైనా అంతే. వారమంతా పేరుకున్న మంద్రాన్ని, అదే లావుపాటి శబ్దాన్ని, ఆ రోజు ఊడ్చి పారేస్తారు. సన్నని శబ్దాలతో ఏ బాధా లేదు, అవి తేలిక, వాటి దారిన అవి పోతాయి. లారీ ఇంజన్ల గుర్రు, మొగుళ్ళ గురక, నీళ్ళ గొట్టాల మూలుగు, ఇవన్నీ బరువువి. నేలమీద పడి, మూలలకి చేరి, తడిసిన ఉన్నిలాగా ముద్ద కడతాయి. ఊడ్చి చేటలోకి ఎత్తి, వెనక కిటికీలోంచి నదిలో వదిలేస్తాం. ఒక శనివారం బద్ధకించామా, మోకాళ్ళు పట్టేస్తాయి. ఇంకా బద్ధకిస్తే ఇంటికొచ్చిన చుట్టం కుర్చీలోంచి లేవడు.

మూడో అంతస్తులో బురుల్చా ఎజే, అంటే బురుల్చా అక్క, ఊడ్చినంత శుభ్రంగా మాలో ఎవరూ ఊడ్చేవాళ్ళు కాదు. ఆవిడ చేతులు కంబళ్ళు ఒత్తి ఒత్తి కాయలు కాసినవి. నోరు మాత్రం కాయలు కాయలేదు, ఎప్పుడూ పదునుగానే ఉండేది. కొడుకు ఎసెన్ కొండల అవతలి బిష్కెక్‌కి వ్యాను నడిపేవాడు. కోడలు షైర్‌గుల్ కుట్టుపని షాపులో పొద్దస్తమానం రేడియో వింటూ మిషను తొక్కేది. ముగ్గురికీ కలిపి ఒక గది, ఒక వంటిల్లు. గుమ్మంలో నిలబడి తుమ్మితే ఎదురుగోడ కిటికీ అద్దం తడిసేటంత గది. ఇల్లు ఇరకటం, ఆలి మర్కటం అంటారు కదా, ఎసెన్‌కి ఇల్లొక్కటే ఇరకటం. ఆలి బంగారం.

ఆ బంగారానికి రెండుసార్లు కడుపు నిలవలేదు. మూడోసారి నెల తప్పగానే డాక్టరు గట్టిగా చెప్పాడు. "పండు రాలే కాలం దాకా మంచం దిగకు. కుట్టుమిషను ఊసే ఎత్తకు."

షైర్‌గుల్ మంచమెక్కింది. మా దగ్గర కడుపులో ఉన్నవాళ్ళ గురించి పైకి మాట్లాడరు, దిష్టి. బురుల్చా "మన అతిథి" అనేది, అంతే. అతిథి ఎలా ఉన్నాడని అడిగేది, అతిథికి పాలు తాగించమనేది. కొన్నాళ్ళకి షైర్‌గుల్ మొగుడితో అంది, "ఎసెన్, ఈ నిశ్శబ్దం నా వల్ల కాదు. పొద్దున లేచిన దగ్గరనుంచీ కడుపులో ఏమవుతుందా అని అదే పనిగా చెవులు రిక్కించి పడుకుంటున్నాను. ఏదైనా పాట ఉంటే బావుండు."

భార్య ఒక పాట అడిగితే ఎసెన్ ఏం తెచ్చాడనుకున్నారు? పాల ఫ్యాక్టరీ వాళ్ళ క్లబ్బు మూసేస్తుంటే, అక్కడ డాన్సుల హాల్లో ఉన్న రెండు స్పీకర్లు అడిగి తెచ్చాడు. నిలబెడితే నడుం దాకా వచ్చేవి. ఒక్కోదాన్ని ఇద్దరేసి మోసుకుంటూ మెట్లెక్కారు.

బురుల్చా గుమ్మంలో నిలబడి చూసింది. "ఇవేంట్రా, పెళ్ళికొడుకులా?"

"స్పీకర్లు అపా," అన్నాడు ఎసెన్, అమ్మని మేం అలాగే పిలుస్తాం. "షైర్‌గుల్ పాటలు వింటుందని."

"వినేది ఒక్క మనిషి. ఊరందరికీ వినపడేవి తెచ్చావు."

"పెద్దవైతే పాట బాగా వస్తుంది."

"సరేలే, దూరం నుంచి వచ్చారు. గుమ్మం దగ్గర నిలబెడితే మర్యాద కాదు. లోపలికి తీసుకురా."

గుమ్మానికి ఎదురుగోడ కింద ఉండే చోటుని మేం తోర్ అంటాం. వచ్చినవాళ్ళలో పెద్దవాళ్ళకీ, దూరం నుంచి వచ్చినవాళ్ళకీ ఆ చోటు. ఇంటి కోడలు గుమ్మం దగ్గరే కూర్చుని టీ పోస్తుంది. అది తాతల నాటి పద్ధతి, ఎవరూ ఆలోచించరు. కాబట్టి రెండు స్పీకర్లనీ తోర్‌కి తీసుకెళ్ళి, చెరో మూలా వీపు గోడకానించి, పెద్దపీట వేసి కూర్చోబెట్టారు. చోటు చాలకపోతే షైర్‌గుల్ మంచాన్ని గుమ్మం వైపుకి జరిపారు. మేమందరం వెళ్ళి చూసి, బావున్నాయి అన్నాం. మాలో ఒక్కరికైనా తప్పు తట్టిందా అంటే లేదు.

ఎసెన్ వాళ్ళ నాన్న వదిలిపోయిన ఆంప్లిఫయర్ ఒకటుంది, చెప్పుల పెట్టంత. దానికి వైర్లు కలిపి, క్యాసెట్టు పెట్టి, వాల్యూమ్ సగం పైగా తిప్పాడు. గది మొత్తం ఒక్కసారి ఊగింది. పాట పాడే మనిషి ఎక్కడో బావిలో ఉన్నట్టుంది. పైన మాత్రం ధుం ధుం అని మోత. మంద్రం గోడల మీంచి జారి, మూలల్లో గుట్టలు పడింది. సాయంత్రానికి చీలమండల దాకా వచ్చింది.

"పాట వినపడట్లేదు," అంది షైర్‌గుల్.

"పెంచుతానుండు," అన్నాడు ఎసెన్.

పెంచినకొద్దీ మోత పెరిగింది కానీ పాట పెరగలేదు. ఆంప్లిఫయర్ కాలిపోయేటంత వేడెక్కింది. బురుల్చా ఏ వేడినీ ఊరికే పోనిచ్చే మనిషి కాదు. బోర్సోక్ రొట్టెల కోసం కలిపిన పిండి గిన్నె తెచ్చి దాని మీద పెట్టింది. పిండి అంత బాగా ఎప్పుడూ పొంగలేదు. ఆ బోర్సోక్‌లు నూనెలోంచి తీసి మా అందరికీ పంచింది కూడా.

కింద అంతస్తులో మాంసం కొట్టు ఒస్మోన్ ఉండేవాడు. మర్నాడే చొక్కా గుండీలు పెట్టుకుంటూ పైకొచ్చాడు.

"ఒరే ఎసెన్, నా ఇంటి కప్పు కిందికి దిగుతోందిరా. నిన్న సూపు తాగుతుంటే పెద్ద ముద్ద ఊడి గిన్నెలో పడింది. చెంచా పెడితే మళ్ళీ పైకి రాలేదు."

"పొరపాటు బాయ్‌కే," అన్నాడు ఎసెన్, పెద్దన్నని పిలిచే పిలుపుతో. "ఆంప్ చాలట్లేదు. లారీకి మోపెడ్ ఇంజన్ పెట్టినట్టుంది. బిష్కెక్ వెళ్ళినప్పుడు పెద్దది తెస్తాను, అంతా సర్దుకుంటుంది."

"పెద్దది తెస్తాడట," అంది బురుల్చా. "మింగ మెతుకు లేదు, మీసాలకి సంపెంగ నూనె. నా చీపురుకి ఇప్పటికే నడుం విరిగింది."

నిజంగానే విరిగింది. ఆ మంద్రం మామూలు మంద్రం కాదు, చీపురుకి లొంగేది కాదు. మూలలో గుట్ట మీద పెట్టిన టీగిన్నె అక్కడే అతుక్కుపోయింది. వెచ్చగా ఉందని ఇంటి పిల్లి ఎక్కి పడుకుంది, అదీ లేవలేదు. బాధ పడుతున్నట్టు కూడా లేదు, హాయిగా కళ్ళు మూసుకుని ఉంది. పాలు అక్కడికే తీసుకెళ్ళి పెట్టేవాళ్ళు.

ఎసెన్ పెద్ద ఆంప్ కోసం బిష్కెక్ వెళ్ళాడు. వెళ్ళిన మర్నాడు కనుమ మీద మంచు పడి దారి మూసేశారు. ఆ మధ్యాహ్నమే షైర్‌గుల్‌కి నొప్పి వచ్చింది. ముందు రెండుసార్లూ వచ్చిన నెలే, అలాంటి నొప్పే.

డాక్టరు పరిగెత్తుకుంటూ వచ్చి ఇంజెక్షన్ ఇచ్చాడు. ఇప్పుడు బండెక్కించి కుదిపితే ఆసుపత్రి చేరేలోపే పోతుందన్నాడు. "కదలకుండా పడుకోబెట్టండి. నిలిస్తే నిలుస్తుంది..." అని తక్కింది చెప్పకుండా బ్యాగు సర్దుకున్నాడు.

షైర్‌గుల్ గోడవైపు తిరిగింది. ఆ పిల్లకి భయం. ఏడవాలన్నా భయమే, ఏడిస్తే ఆ కుదుపుకి ఏమవుతుందోనని. పెదవి కొరుక్కుని, "అపా, ఇదీ పోతే నేనింక అడగను. ఎవరినీ ఏమీ అడగను," అంది.

బురుల్చా ఏం చెయ్యాలో తెలీక ఆ చిన్న గదిలో అటూ ఇటూ చూసింది. మూలలో గుట్ట మీద పిల్లి. పక్కనే ఊడిరాని టీగిన్నె.

గుమ్మం దగ్గరున్న నన్ను పిలిచింది. "ఈ పిల్లి లేచి ఎన్నాళ్ళయింది?"

"ఎసెన్ వెళ్ళకముందు నుంచీ ఇలాగే ఉంది ఎజే."

"దీని మీద కూర్చున్నది ఏదీ లేవట్లేదన్నమాట." కొంగు బిగించి కట్టింది. "అటక మీద ఉన్ని మూటలున్నాయి, దించు. బిల్డింగులో చేతులున్న ఆడవాళ్ళందరినీ పిలువు. నీళ్ళు కాచండి."

వరండాలో రెల్లు చాప పరిచాం. దాని మీద ఉన్ని, ఉన్ని మీద పారలతో తవ్వి తెచ్చిన మంద్రం, మళ్ళీ ఉన్ని. మరిగే నీళ్ళు చల్లి, చాప చుట్టి, మోకాళ్ళ మీద కూర్చుని ముంజేతులతో ఒత్తుతూ దొర్లించాం. ఒస్మోన్ కోడలు మీరిమ్ కూడా కిందనుంచి వచ్చి, ఒక్క మాట మాట్లాడకుండా నా పక్కన మోకరించింది. ఆ పిల్లకి ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు, తనకీ అంతకుముందు శీతాకాలం ఒకటి నిలవలేదు. చేతులు వాచేదాకా ఒత్తాం. విప్పితే బూడిదరంగు కంబళి, నేను చూసినవాటిలోకెల్లా మెత్తనిది. మోయడానికి మాత్రం ఆరుగురం కావాల్సి వచ్చింది.

పరుపు కింద జాగ్రత్తగా దూర్చాం. మంచం కిర్రుమని కాస్త కిందికి దిగింది. షైర్‌గుల్ మొహం చూస్తూ నిలబడ్డాం అందరం. కాసేపటికి ఆ పిల్ల పెదవి వదిలింది.

"లోపల ఎవరో కూర్చున్నట్టుంది అపా," అంది. "సర్దుకుని కూర్చున్నట్టు."

"కూర్చోనీ," అంది బురుల్చా, అని వంటింట్లోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చింది. పాపం, మేమంతా విన్నాం.

డాక్టరు మర్నాడు వచ్చి, చేత్తో చూసి, పరుపెత్తి కంబళి చూశాడు. "మంచిది, తియ్యకండి," అని వెళ్ళాడు.

కనుమ తెరిచాక ఎసెన్ వచ్చాడు. సంగతి దారిలోనే తెలిసింది, మెట్లన్నీ పరుగున ఎక్కాడు. అయినా భుజం మీద కొత్త ఆంప్లిఫయర్ మాత్రం దించలేదు, దూడని మోసినట్టు మోసుకొచ్చాడు.

"అది వరండాలోనే ఉంచు," అంది షైర్‌గుల్.

"నీకోసమే తెచ్చాను కదా."

"ముందు నా మాట విను. ఇన్నాళ్ళూ పడుకుని చేసిన పని ఇదొక్కటే, వినడం. నేనీ ఇంటికొచ్చిన మొదటిరోజు అపా నాకేం నేర్పింది? గిన్నె నిండా టీ పోయొద్దంది. సగానికి తక్కువ పోస్తే ఇంకా కూర్చోండి అని. నిండా పోస్తే తాగి బయల్దేరండి అని. అవునా?"

"అవును. అయితే?"

"నువ్వా వాల్యూమ్ తిప్పేటప్పుడల్లా నిండా పోస్తున్నావు. లోపలున్నవాడు ఏమనుకుంటాడు?"

ఎసెన్ భుజం మీది ఆంప్‌ని నేలకి దించాడు.

"ఇంకోటి. ఆ ఇద్దరినీ తోర్‌లో కూర్చోబెట్టాం. వాళ్ళు అతిథులా? మనకి పాట పోసేవాళ్ళు. పోసేవాళ్ళు ఉండాల్సింది గుమ్మం దగ్గర. అతిథి ఇక్కడున్నాడు," అని కడుపు మీద చెయ్యేసుకుంది. "ఆ అతిథిని చెప్పులు విడిచేచోట పడుకోబెట్టారు మీరు."

బురుల్చా నొచ్చుకుంది. "అమ్మాయీ, అది నేను చెప్పిన చోటే."

"తెలుసు అపా. నేనైనా అక్కడే పెట్టేదాన్ని."

ఎసెన్ కొత్త ఆంప్ మీద కూలబడ్డాడు. మొహం చిన్నబోయింది. "అంటే నేను తెచ్చిందంతా తప్పేనా?"

"కాదు. స్పీకర్లు మంచివి, కొంచెం పోసినా చాలు వాటికి. మీ నాన్న ఆంప్ మంచిది, కొంచెమే పోస్తుంది. ఆ రెండూ ఒకదానికొకటి చేసినట్టున్నాయి. వాటిమధ్య కుదరనిదల్లా మన మర్యాదే."

ఆ పొద్దంతా గది తిరగేశారు. పిల్లి ఎప్పుడో లేచింది, దానికింది మంద్రమంతా కంబళిలోకి పోయింది కదా. మంచం పట్టుకెళ్ళి తోర్‌లో వేశారు. స్పీకర్లని గుమ్మానికి అటొకటి ఇటొకటి, గోడకి జానెడు ఎడంగా, మంచం వైపు మొహం తిప్పి నిలబెట్టారు. వాటి వెనక మడతేసిన బొంతలు పెట్టారు. స్పీకర్ల కింది భాగంలో గుండ్రటి కన్నాలుంటే, షైర్‌గుల్ వాటిలోంచే మోత ఎక్కువ వస్తోందంది. బురుల్చా తన ఉన్ని మేజోళ్ళు చుట్టచుట్టి వాటిలో కుక్కింది. ఎసెన్ పాత ఆంప్లిఫయర్ వెలిగించి, వాల్యూమ్ మీద వేలుపెట్టి, అమ్మ టీ పోసేటప్పుడు చూసే చూపుతో చూసి, కొద్దిగా తిప్పాడు.

నేను ఆ రోజు అక్కడే ఉన్నాను. కొముజ్ తీగ మీద గోరు తగలడం వినపడింది. పాడే ఆడమనిషి గొంతెత్తే ముందు ఊపిరి తీసుకోవడం వినపడింది. ఆవిడ మాతోపాటు గదిలోనే నిలబడి ఉంది, ఎవరి మీదా పడకుండా, అందరికీ అందుతూ. షైర్‌గుల్ కళ్ళు మూసుకుని నవ్వింది. ఆ ఇంట్లో ఆ పిల్ల నవ్వి ఎన్నాళ్ళయిందో.

"బావుంది కానీ," అంది బురుల్చా, ఆంప్లిఫయర్ మీద చెయ్యిపెట్టి చూసి, "చల్లగా ఉంది. ఇప్పుడు పిండెక్కడ పొంగించుకోను?"

కొత్త ఆంప్ మరుసటి ప్రయాణంలో బిష్కెక్ తిరిగి వెళ్ళిపోయింది. ఆ తర్వాత శనివారాలు ఊడిస్తే ఆ గదిలో మంద్రం చారెడు కూడా వచ్చేది కాదు. వసంతం పోయింది, ఎండలు వచ్చాయి, పోయాయి. షైర్‌గుల్ కడుపు ఎత్తుగా పెరిగింది. ఆపిల్ పళ్ళు రాలాయి. డాక్టరు చెప్పిన రోజు వచ్చింది.

వచ్చి, దాటిపోయింది. అతిథి కదల్లేదు.

డాక్టరు ఈసారి మొహం గంటు పెట్టుకున్నాడు. "ఇంకా ఆగితే ఇద్దరికీ ప్రమాదం. ఇవాళే ఆసుపత్రికి తీసుకురండి," అని మంచం మీంచి లేపబోయాడు. లేవలేదు. ఎసెన్ ఒక పక్క, ఒస్మోన్ ఒక పక్క పట్టారు. ఒస్మోన్ గొర్రెని ఒంటిచేత్తో భుజానేసుకునే మనిషి, ఆయన మెడనరాలు ఉబ్బాయి కానీ షైర్‌గుల్ పరుపు మీంచి వెంట్రుకవాసి లేవలేదు. కంబళి లాగుదామంటే అదీ రాలేదు.

బురుల్చా నెత్తిన చేతులు పెట్టుకుంది. "నిలవమని చేశాను, నిలిచాడు. ఇప్పుడు బయల్దేరమని ఎలా చెప్పను? ఇంటికొచ్చినవాణ్ణి పొమ్మని నోటితో ఎవరైనా అంటారా?"

ఎసెన్ భార్య చెయ్యి పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చున్నాడు. షైర్‌గుల్ పక్కకి తల తిప్పి గుమ్మం దగ్గరి స్పీకర్లకేసి చూసింది.

"ఎసెన్," అంది మెల్లగా. "గిన్నె నిండా పొయ్యి."

ఎసెన్ ఒక్క క్షణం అర్థంకానట్టు చూసి, లేచాడు. తలుపు బార్లా తెరిచాడు. మేజోళ్ళు పీకేశాడు. క్యాసెట్టు పెట్టి, వసంతం తర్వాత మళ్ళీ మొదటిసారి, వాల్యూమ్ చివరిదాకా తిప్పాడు.

చెప్పుల పెట్టంత ఆంప్ తన దగ్గరున్నదంతా పోసింది. గోరంత దీపం కొండంత వెలుగంటారే, అలాగ. తలుపులు, గిన్నెలు, మా పళ్ళు అన్నీ అదిరాయి. పరుపు కింద కదలిక మొదలైంది. నిండుగిన్నె చూడగానే పెద్దమనుషులు ఎలా లేస్తారో మీకు తెలుసుగా? ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని, మోకాళ్ళ మీద చెయ్యేసుకుని, తొందరపడకుండా. కంబళిలోని మంద్రమంతా అలా లేచింది. బూడిదరంగు పొగమంచులా నేలమీద సాగి, స్పీకర్ల మధ్య నుంచి గుమ్మం దాటి, మెట్లు దిగింది. మేం గోడలకి అతుక్కుని దారి ఇచ్చాం. ఒస్మోన్ టోపీ కూడా తీశాడు.

షైర్‌గుల్ ఎసెన్ భుజం గట్టిగా పట్టుకుంది. "బయల్దేరాడు," అంది.

ఈసారి ఎసెన్ ఒక్కడే ఆమెని ఎత్తుకుని మెట్లు దిగాడు. వ్యానులో ఆసుపత్రికి తీసుకెళితే మధ్యాహ్నం భోజనాల వేళకి మగపిల్లాడు పుట్టాడు. ఆసుపత్రి మెట్లకింద మేమంతా వింటుండగానే ఏడ్చాడు. మంచి సన్నని గొంతు.

ముందు పోయినవాళ్ళున్న ఇంట్లో పుట్టిన మగపిల్లాడికి మావాళ్ళు తోక్తోసున్ అని పెడతారు, నిలవాలని కోరుకుంటూ. నర్సు అదే రాసుకోబోయింది.

"ఆ పేరు మాత్రం వద్దు తల్లీ," అంది బురుల్చా. "ఆ పేరు పెడితే వీడు బడికి కూడా కదలడు. జోల్‌దోష్ అని రాయి. డ్రైవరు కొడుకు, దారికి తోడుంటాడు."

కంబళి ఖాళీ అయ్యాక తేలికైపోయింది, ఇప్పుడు ఉత్త ఉన్ని. దాన్ని ఉయ్యాల కింద పరిచారు. నలభై రోజులు నిండి పిల్లాణ్ణి అందరికీ చూపించాక, ఒక మంచు పడే పొద్దున ఒస్మోన్ పైకొచ్చాడు. చొక్కా గుండీలన్నీ పెట్టుకునే వచ్చాడు. గుమ్మం దగ్గర స్పీకర్ల మధ్య నిలబడ్డాడు కానీ లోపలికి రాలేదు. షైర్‌గుల్ టీ పోసి, సగానికి తక్కువగా, చేతికిచ్చింది. ఆయన గిన్నె చేత్తో పట్టుకునే ఉన్నాడు, తాగలేదు.

"ఏమైంది బాయ్‌కే, మళ్ళీ కప్పు దిగుతోందా?" అన్నాడు ఎసెన్.

"లేదురా. కప్పు బానే ఉంది." కిందికి చూశాడు. "మా ఇంటికీ అతిథి వచ్చాడు. మా కోడలు మీరిమ్ మంచం దిగట్లేదు. డాక్టరు మళ్ళీ ఆ మాటే అంటున్నాడు."

ఒస్మోన్ గొంతు సవరించుకున్నాడు.

"ఈ బాక్సుల్ని కొన్నాళ్ళపాటు పాత చోటుకి మార్చగలరా అని. ఆ మూలలకి. పెద్దగా పెట్టండి. ఎంత పెద్దగా పెట్టినా నేనేమీ అనను."

"వాటిని తోర్‌లో కూర్చోబెట్టడం తప్పని తేల్చాం కదా ఒస్మోన్," అంది బురుల్చా.

"తప్పే ఎజే. ఆ తప్పే మాక్కావాలి."

షైర్‌గుల్ అప్పటికే పిల్లాణ్ణి శాలువాలో చుట్టి లేచింది. "మేమిద్దరం మీరిమ్ దగ్గర కూర్చుంటాం," అని మెట్లు దిగింది. ఎసెన్, ఒస్మోన్ మంచాన్ని గుమ్మం వైపుకి జరిపి, చెరో పక్కా పట్టి ఒక్కో స్పీకర్నీ మోసుకెళ్ళి తోర్‌లో మూలలకి చేర్చారు, వీపు గోడకానించారు. నేను వెళ్ళి అటక మీంచి ఉన్ని మూటలు దించి, రెల్లు చాప దుమ్ము దులిపాను. ఎసెన్ వాల్యూమ్ చివరిదాకా తిప్పాడు. గది ఊగింది, మూలల్లో మొదటి ముద్దలు పడ్డాయి. బురుల్చా ఆంప్లిఫయర్ మీద అరచెయ్యి ఆనించి చూసి, వంటింట్లోకి వెళ్ళి పిండి గిన్నె తెచ్చి దానిమీద పెట్టింది.